ఏడో నంబరు చేతులు

వస్తువుల్లో లోపం పట్టుకోవడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఆ పనే నాకు తిండి పెడుతోంది. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఉన్న మా పరీక్షల ల్యాబుకి మిక్సీలొస్తాయి, సీలింగ్ ఫ్యాన్లొస్తాయి, ల్యాప్‌టాప్‌లొస్తాయి. ఏదొచ్చినా ఎక్కడో ఒకచోట నాకు దొరికిపోతుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని నా వెనకాల అనుకుంటారని తెలుసు. అదేదో బిరుదన్నట్టు మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడీ సంగతంతా రాస్తుంటే ఆ మురిపెం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అప్పుడు మా దగ్గరికొచ్చిన పని ఇది. ఇళ్ళ దగ్గరే కూర్చుని పనిచేసుకునే ఆడవాళ్ళ సహకార సమాఖ్య ఒకటి, సభ్యుల కోసం పన్నెండు వేల ల్యాప్‌టాప్‌లు కొనాలనుకుంది. ఆఫీసుల కోసం తయారయ్యే రకం కొనాలా, ఇళ్ళ కోసం తయారయ్యే రకం కొనాలా అన్నది వాళ్ళ సందేహం. ఆఫీసు రకంలోంచి ‘దిట్ట’ అనే మోడల్‌నీ, ఇంటి రకంలోంచి ‘మిణుగురు’ అనే మోడల్‌నీ పంపారు. ఐదేళ్ళ వాడకంలో ఏది నిలబడుతుందో, ఏది చురుగ్గా పనిచేస్తుందో తేల్చమన్నారు.

ఐదేళ్ళు వాడి చూసి చెప్పేంత తీరిక ఎవరికుంది? అందుకే మా ల్యాబు పెద్ద చెన్నకేశవులు సార్ మారుచేతులు కనిపెట్టారు.

మామూలు ల్యాబుల్లో ఓ ఇనప కడ్డీ ల్యాప్‌టాప్ మూతని ముప్ఫై వేలసార్లు తెరిచి మూస్తుంది. సార్‌కి అది చూస్తే మంట. “ఏ మనిషప్పా అట్లా మూసేది? మనిషికి కోపమొస్తాది, తొందరొస్తాది, టీ ఒలకపోస్తాడు. కడ్డీకి ఏమొస్తాది?” అనేవారు. ఆయనది కదిరి. తొమ్మిదేళ్ళు కష్టపడి, ఉల్లిపొరంత పల్చటి చేతితొడుగులు తయారుచేశారు. వాటిని తొడుక్కుని ఒక మనిషి నలభై రోజులు తన ల్యాప్‌టాప్ తను వాడుకుంటే చాలు. ఆ చేతులు ఎట్లా కదిలాయో, ఎంత బలంగా నొక్కాయో, ఏది పట్టుకుని ఎత్తాయో అంతా వాటికి పట్టుబడుతుంది. దాన్ని గాజుగదిలో ఉన్న రెండు రబ్బరు చేతుల్లోకి ఎక్కిస్తాం. ఆ మనిషి ఊరికే కూర్చున్న సమయాన్ని మింగేసి, కదలికల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టు చేస్తాయవి. ఒక రోజు వాడకం ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఐదేళ్ళు ఇరవై ఐదు రోజుల్లో గడిచిపోతాయి.

అసలు వింత అది కాదు. నలభై రోజులు అయిపోయాక కూడా ఆ చేతులు ముందుకి నడుస్తాయి. ఒక అలవాటు ఏ దిక్కుకి పోతోందో పట్టుకుని, ఆ దిక్కునే ఐదేళ్ళూ పోతాయి. మొదట్లో మా గుమాస్తా సుభాన్ చేతులు ఎక్కించి చూశాం. ఆర్నెల్ల దగ్గరికి వచ్చేసరికి రబ్బరు చేతులు ఎడం బొటనవేలు వాడడం మానేశాయి. ఏదో పొరపాటని నవ్వుకున్నాం. సరిగ్గా ఆర్నెల్లకి సుభాన్ ఆ వేలికి కట్టు కట్టుకుని వచ్చాడు, కీలు పట్టేసిందని. ఆ రోజునుంచి ఎవరం నవ్వలేదు.

ఏ అక్షరాలు కొట్టారన్నది తొడుగులు దాచుకోవు. అది ల్యాబు నియమం. ఎంత బలంగా కొట్టారు, ఎన్ని చెరిపారు, మూత ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, ఇంతవరకే. ఇంకో నియమం కూడా ఉంది. ల్యాబులో పనిచేసేవాళ్ళ ఇంటి మనుషుల చేతులు పనికిరావు.

ఆ రెండో నియమాన్ని నేను తుంగలో తొక్కాను. ఇంటి వాడకానికి పేరిచ్చిన ఆవిడ పురిటికని పుట్టింటికి వెళ్ళిపోయింది. గడువు దగ్గరపడుతోంది. తొడుగుల పెట్టె సంచీలో వేసుకుని కుషాయిగూడలో మా ఇంటికి తెచ్చేశాను. మనది మాత్రం సగటు ఇల్లు కాదా అనుకున్నాను.

“ఇవేం రాసుకుంటాయండీ?” అని అడిగింది మా ఆవిడ హైమ, తొడుగుల్ని వెలుగులోకెత్తి చూస్తూ.

“నువ్వెంత గట్టిగా కొడతావో చూస్తాయి, అంతే. నువ్వేం కొడతావులే, వంటల వీడియోలేగా.”

హైమ నలభై రోజులూ బుద్ధిగా తొడుక్కుంది. రిజిస్టరులో నేను ‘గృహ వాడుక, ఏడో నంబరు, సగటు గృహిణి’ అని రాశాను. ఇరవై మూడేళ్ళు కాపురం చేసినదాన్ని ఆ రెండు మాటల్లో కట్టి పడేశాను.

మొదట వేగం పరీక్షలు, వేడి పరీక్షలు, కిందపడేసే పరీక్షలు జరిగాయి. వాటికే మూడు నెలలు పట్టింది. వేగంలో మిణుగురు ఆశ్చర్యపరిచింది. చిన్న పనులు చెబితే దిట్టకంటే ముందే చేసి కూర్చునేది. తెర కూడా కళకళలాడేది. కాకపోతే రెండు గంటలు ఏకబిగిన పని చెబితే వేడెక్కి నీరసపడేది. దిట్ట పొద్దున ఎంత వేగంగా పనిచేసేదో సాయంత్రమూ అంతే. రెండింట్లో ఏదీ తీసిపారేసేది కాదని రాసుకున్నాను.

తరవాత మారుచేతుల వంతు. దిట్టకి ఆఫీసు వాడకం చేతులు పెట్టాను, సుభాన్‌వి కాదు, బయటి ఆఫీసు అకౌంటెంటు ఒకాయనవి. మిణుగురుకి ఏడో నంబరు చేతులు పెట్టాను. గాజుగది ముందు కూర్చుని చూసే అలవాటు నాకు లేదు. అంకెలొస్తే చాలు. పన్నెండో రోజున అంకెలొచ్చాయి. రెండేళ్ళ నాలుగు నెలల వాడకానికి మిణుగురు కుడివైపు హింజ్, అంటే మూతనీ ఒంటినీ కలిపే మడతబందు, ప్లాస్టిక్‌ని చీల్చుకుని ఊడొచ్చింది. దిట్ట అప్పటికి నిక్షేపంగా ఉంది. ‘ఇంటి రకం హింజ్ బలహీనం, కొనుగోలుకి తగదు’ అని రిపోర్టు చిత్తుప్రతి రాసి, హాయిగా భోజనానికెళ్ళాను.

రెండు రోజులకి మిణుగురు తయారుచేసే కంపెనీనుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు రజిత. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. జగిత్యాల పిల్ల. ఆ హింజ్ నమూనా గీసింది ఆ అమ్మాయే.

“అంకెలు చదివిన సార్. చేతులు చూడాలె నాకు,” అంది.

“చేతుల్లో చూసేదేముందమ్మా? అంకెల్లో లేనిది అక్కడుండదు.”

“ఉంటదేమో సార్. ఈ హింజ్ ఫెయిలైతే నా ఉద్యోగం పోతది, అది వేరే ముచ్చట. కానీ తప్పు నాదైతేనే పోవాలె గద.”

చెన్నకేశవులు సార్ తలూపారు. కొత్త మిణుగురు ఒకటి పెట్టి, ఏడో నంబరు చేతుల్ని మొదటినుంచి నడిపించాం. ముగ్గురం గాజు ముందు కుర్చీలు వేసుకున్నాం.

రబ్బరు చేతులు రెండూ కలిసి మూతని మెల్లగా ఎత్తాయి, పసిపిల్ల మొహం మీంచి దుప్పటి తీసినట్టు. టైపు చేశాయి. ఆగాయి. కొంత చెరిపాయి. మళ్ళీ టైపు చేశాయి. నాకు విసుగొచ్చి ఫోను తీశాను. అంతలో టప్‌మని చప్పుడైంది. తలెత్తేసరికి మూత మూసుంది. చేతులు ల్యాప్‌టాప్‌ని పక్కకి నెట్టి, ఒళ్ళో ఉన్నట్టు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని కదలకుండా ఉన్నాయి.

రజిత ఇంకో రోజు వాడకం చూసింది, ఆ తరవాత ఇంకో రోజుది చూసింది. ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంది. గంట తరవాత నా వైపు తిరిగింది.

“తెరిచేటప్పుడు రెండు చేతులు పెడుతుంది సార్, మంచిగ. మూసేటప్పుడు చూడుండ్రి, ఒక్క చెయ్యే, గది గూడ మూల పట్టుకొని గుంజుతుంది. హింజ్ మీద మొత్తం మెలి పడుతుంది. ఊకె మూసేటప్పుడు గిట్ల లేదు, అప్పుడు మంచిగనే మూస్తుంది. ఈ మనిషి గప్పుడు ల్యాప్‌టాప్ మూస్తలేదు సార్. దాస్తుంది.”

“ఎవర్నుంచి?” అన్నారు సార్.

“తెల్వదు. అంకెల్ల టైములు చూసిన, రోజూ ఆరు నలభైకి దాస్తుంది. ఆదివారమైతే గంటకోసారి. ఆరు నలభైకి ఇంటికి ఎవరొస్తరో గాళ్ళనుంచి.”

నేను ల్యాబులో ఆరున్నరకి స్కూటరు తీస్తాను. చర్లపల్లినుంచి కుషాయిగూడకి పది నిమిషాలు. ఎవరూ నా వైపు చూడలేదు, అయినా చెవులు కాలిపోయాయి. “ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉండుంటారు, లాగేస్తారని భయమేమో,” అన్నాను. మాకున్న ఒక్క కొడుకూ విజయవాడ హాస్టల్లో ఉన్నాడు.

“పిల్లల దగ్గర్నుంచి దాస్తే పైకి ఎత్తి పెడతరు సార్,” అంది రజిత. తరవాత అసలు దెబ్బ కొట్టింది. “ఇంకో మాట. మీరు ఆఫీసు చేతులు ఆఫీసు మిషన్‌కు పెట్టిన్రు, ఇంటి చేతులు ఇంటి మిషన్‌కు పెట్టిన్రు. మరి మీరు కొలిచింది ల్యాప్‌టాప్‌లనా, మనుషులనా?”

ఇంత తప్పు ఇంకొకడు చేస్తే వారం రోజులపాటు చెప్పుకుని నవ్వేవాణ్ణి. చేతులు మార్చి చూడాలన్న ఆలోచన ఉద్యోగంలో చేరి ఏడాది కాని కుర్రాడికైనా వస్తుంది. చెన్నకేశవులు సార్ లేచి నిలబడి, “యీ పాప చెప్పింది నిజమే భానుమూర్తీ. మార్చి పెట్టు,” అన్నారు.

ఆ సాయంత్రం స్కూటరు వీధి మలుపులోనే ఆపి, దొంగలా నడుచుకుంటూ మా గుమ్మం దాకా వెళ్ళాను. వాచీ చూసుకున్నాను. ఆరు నలభై. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. నా ఇంటి తలుపుకే. లోపల ఏ చప్పుడూ లేదు. తలుపు కొట్టాను. అప్పుడూ లేదు. హైమ గోంగూర కట్ట చేత్తో పట్టుకునే వచ్చి తీసింది.

“స్కూటరేదండీ?”

“మలుపులో ఆగిపోయింది,” అన్నాను.

ల్యాప్‌టాప్ బీరువా మీద ఉంది, పైన శుభ్రంగా గుడ్డ కప్పి. గుండెల మీంచి బరువు దిగింది. ఆ చేతులు ఏదో ఎక్కువచేసి చూపిస్తున్నాయి, ఆవిడ దాచడమేంటి, దాచాల్సిందేముంది మా ఇంట్లో, అనుకున్నాను. నేనెప్పుడూ చెయ్యెత్తిన మనిషిని కాను. గొంతు కూడా పెంచను. వెనక నిలబడి, ‘అక్కడ ఒత్తు లేదు చూడు’, ‘ఆ వాక్యానికి తలా తోకా లేదు’ అని మెల్లగా చెప్తాను. మేలు కోరే కదా చెప్పేది.

అన్నం తింటుంటే మాత్రం ఒక పాత సంగతి గొంతుకి అడ్డంపడింది. రెండేళ్ళ కిందట హైమ తను రాసిన పేజీన్నర కాగితం ఒకటి నాకిచ్చింది. ఎలా ఉందో చూడమంది. దాంట్లో పదకొండు తప్పులు పట్టాను. ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చిన స్నేహితుల ముందు ఆ పదకొండూ వరసగా చదివి వినిపించాను. అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వి, పెరుగు తేవడానికి లోపలికెళ్ళింది. ఆ కాగితంలో ఏముందని ఎవరైనా అడిగితే చెప్పలేను. తప్పులు మాత్రం ఇప్పటికీ అప్పజెప్పగలను. రెండో కాగితం ఆవిడ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు చేతులు మార్చాం. అకౌంటెంటు చేతులు మిణుగురుకి, ఏడో నంబరు చేతులు దిట్టకి. ఈసారి అంకెల కోసం ఆగలేకపోయాను. రోజుకి నాలుగుసార్లు గాజుగది దగ్గరికి వెళ్ళేవాణ్ణి. చూడకూడనిది చూస్తున్నట్టుండేది. కట్టుకున్నదాని చేతుల్ని అంతసేపు ఎన్నడూ చూసినవాణ్ణి కాను. ఒక వాక్యం బాగా కుదిరినట్టుంటే కుడిచేతి వేళ్ళు బల్లమీద రెండుసార్లు మెల్లగా తట్టేవి. ఆ అలవాటు హైమకుందని నాకు తెలియదు. ఇంట్లో ఒక్కసారైనా చూళ్ళేదు.

అకౌంటెంటు చేతుల కింద మిణుగురు హాయిగా ఉంది. ఒక ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు గడిచినా హింజ్‌కి వెంట్రుకంత పగులు లేదు. రజిత గీసిన నమూనాలో తప్పేం లేదు. దిట్ట హింజ్ లోహంతో చేసింది కాబట్టి ఏడో నంబరు చేతులు ఎంత గుంజినా ఊగలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున పదకొండింటికి చెన్నకేశవులు సార్ పిలిపించారు. రజిత అప్పటికే వచ్చి ఉంది. గాజుగదిలో దిట్ట మూత మూసి ఉంది. రబ్బరు చేతులు దాని ముందు ఊరికే ఉన్నాయి.

“యంత్రం చెడిపోయిందేమోనని రెండుసార్లు చూసినా,” అన్నారు సార్. “ఏమీ కాలేదు. ల్యాప్‌టాప్ గూడా బాగుండాది. యీ యమ్మే చాలించుకునింది.”

వెనకటి రోజులన్నీ తెరమీద తిప్పి చూపించారు. రెండో ఏడాదిలో మూత గుంజడాలు పెరిగాయి. మూడో ఏడాదిలో టైపు చేసినదంతా అదే రోజు చెరిపేయడం మొదలైంది. బల్లమీద వేళ్ళు తట్టడం ఆగిపోయింది. తరవాత మూత తెరిచి, ఒక్క అక్షరమూ కొట్టకుండా మూసేయడం. ఆ తరవాత ఒక చెయ్యి మూత దాకా వచ్చి, మీద కాసేపు ఆగి, వెనక్కి పోవడం. మూడేళ్ళ ఎనిమిది నెలల దగ్గర అదీ లేదు.

మిణుగురు పన్నెండో రోజునే విరిగి నన్ను కాపాడింది. అక్కడితో ఆగిపోయి, హింజ్ మీద నేరం తోసేసి భోజనానికెళ్ళాను. దిట్ట విరగలేదు. విరగలేదు గనక, ఆ తరవాత ఏం జరుగుతుందో అంతా చూడాల్సొచ్చింది. యంత్రం ఐదేళ్ళు ఉంటుంది. మనిషి ఉండదు. అది చూసి నేను సిగ్గుతో కుంచించుకుపోయాను.

“నా హింజ్ మంచిదేనని తేలింది,” అంది రజిత మెల్లగా. “గానీ సంతోషమైతలేదు సార్. ఈమె ఎవరో చెప్పుండ్రి, ఒక్కపారి కలుస్తా. ఇంకా మూడేండ్లుంది గద. ఎవరన్నా పోయి మాట్లాడితే మానెయ్యదేమో.”

“పేరిచ్చినవాళ్ళ వివరాలు బయటపెట్టడం నియమాలకి విరుద్ధమమ్మా,” అన్నాను. నియమాలు! ఆ మాట నా నోటివెంట ఎలా వచ్చిందో.

చేతులు మార్చిన పరీక్షలో మిణుగురు నెగ్గినా, చిక్కు తీరలేదు. ఇంటి రకం ఇంటి చేతుల కింద నిలవాలన్నది సమాఖ్య పెట్టిన షరతు. ఏడో నంబరు చేతుల కింద అది విరిగింది. ఆ చేతుల్ని లెక్కలోంచి తీసేస్తే తప్ప రజిత బయటపడదు. తీసేయాలంటే కారణం రాయాలి.

మూడు రోజులు ఆ ఒక్క గడి ముందు కూర్చున్నాను. ‘తొడుగు చిరిగినది’ అని రాశాను. కొట్టేశాను. ‘కొలతల్లో తేడా’ అని రాశాను. కొట్టేశాను. ‘అసాధారణ వాడకం’ అని రాసి చాలాసేపు చూశాను. అది అబద్ధం కాదు, ఎవరూ ఏమీ అడగరు, రజిత ఉద్యోగం ఉంటుంది, నా పరువు ఉంటుంది. కానీ అసాధారణమని ఎవర్ని అంటున్నాను? ఆవిడనా? మూత మెల్లగా తెరిచి, కుదిరిన వాక్యానికి వేళ్ళు తట్టుకునే మనిషి చేసినదాంట్లో అసాధారణం ఏముంది? చివరికి ఇలా రాశాను. ‘ఏడో నంబరు చేతులు నా భార్య హైమవతివి. నియమం తెలిసే తీసుకొచ్చాను. మూత ఆ విధంగా మూయడానికి కారణం ఆవిడ వాడకం కాదు, ఇంట్లోకి నేను రావడం.’ కింద సంతకం పెట్టి, చెన్నకేశవులు సార్ బల్లమీద పెట్టి నిలబడ్డాను.

ఆయన రెండుసార్లు చదివారు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

“ఆయమ్మకి చెప్పినావా?” అన్నారు.

“లేదు సార్. ముందు మీకే...”

“నాకెందుకప్పా ముందు?” అని కాగితం తిరగేసి పెట్టారు. “పో.”

ల్యాబు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ దానికోసం ఆగక్కర్లేకుండా. ఆర్నెల్లపాటు నా సంతకం చెల్లకుండా చేశారు, తక్కువ శిక్షే. ఆరిళ్ళ చేతులతో పరీక్ష మళ్ళీ జరిగింది. అయిదిళ్ళలో మిణుగురు హింజ్ ఐదేళ్ళూ నిలిచింది. సమాఖ్య మిణుగురునే కొంది, రోజంతా బరువు పని చేసేవాళ్ళకి మాత్రం దిట్ట. ఆరో ఇంట్లో ఎందుకు విరిగిందో చూడ్డానికి రజిత తనే వెళ్ళిందట. ఏం చూసిందో నాతో చెప్పలేదు. నాతో ఇప్పుడు అవసరమైనంతవరకే మాట్లాడుతుంది.

ఆ రోజు నాలుగింటికే ఇంటికెళ్ళాను. హైమ వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా మెట్టుమీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పేశాను. గాజుగది, ఆరు నలభై, హింజ్, రజిత, దిట్ట. లోకానికి కాగితం మీద ఒప్పుకోవడం తేలికే. ఆ చిక్కుళ్ళ గిన్నె ముందు ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాను.

హైమ ఒలవడం ఆపకుండానే వింది. నా చేతులు అన్నిరోజులు అందరూ చూశారా, అని మాత్రం ఒకసారి అడిగింది. అవునన్నాను. కొంగు చేతులమీదికి లాక్కుంది.

“మూడేళ్ళ ఎనిమిది నెలలకి నువ్వు ల్యాప్‌టాప్ తెరవడం మానేస్తావంటోంది హైమా ఆ యంత్రం. అలా కాకూడదు. ఇంకా టైముంది. నేను...”

“మూడేళ్ళా?” అంది హైమ. నవ్వబోయి ఆగింది. “మీ యంత్రానికి నామీద చాలా నమ్మకమే. నేను మానేసి నాలుగు నెలలు దాటిందండీ.”

బీరువా మీద గుడ్డ కప్పి ఉన్న ల్యాప్‌టాప్, ఆ సాయంత్రం తలుపు వెనక నిశ్శబ్దం ఒక్కసారిగా అర్థమయ్యాయి. నేను ఊపిరి పీల్చుకున్న నిశ్శబ్దం అది.

“ఎందుకు?”

“మీకు నిజంగా గుర్తులేదా?”

లేదని తల తిప్పాను.

“తొడుగులు మీరు తీసుకెళ్ళిన మూడోరోజు. అన్నం తింటూ చెప్పారు. ‘ఆఫీసువాడు నూరక్షరాలు కొడితే పది చెరుపుతాడు, నువ్వు నలభై ఒకటి చెరిపావు హైమా,’ అన్నారు. ‘అసలు కొట్టకుండా ఉంటే కరెంటన్నా మిగిలేది కదా,’ అని నవ్వారు. పప్పు బాగుందని ఇంకొంచెం వేసుకున్నారు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పూట సరదాగా ఉన్నానని కూడా గుర్తొచ్చింది.

“అది... ఊరికే అన్నాను.”

“తెలుసు. మీరు తిట్టుంటే ఎదురు చెప్పేదాన్ని. మీరు లెక్క చెప్పారు. లెక్కకి ఏం చెప్తాం?”

చిక్కుళ్ళు అయిపోయాయి. ఆవిడ తొక్కలు చేటలోకి ఎత్తుతోంది. ఏం రాసేదానివని అడుగుదామని నోరు తెరిచాను. ఏం చెప్పినా చదువుతాను, తప్పులు చూడను అని మాటివ్వబోయాను.

“వద్దండీ,” అంది, నేనేమీ అనకముందే. “మీరు చూడకూడదనుకున్నా మీ కళ్ళకి తప్పులే కనిపిస్తాయి. అదేం చేస్తాం.”

“మరి నేనేం చెయ్యను హైమా?”

నిజంగానే ఆలోచించింది. జాలిపడి ఏదో ఒకటి చెప్పే మనిషి కాదు. గిన్నె చేతిలోకి తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగింది.

“ఆదివారాలు ఎక్కడికైనా వెళ్ళండి,” అంది. “పొద్దున వెళ్ళి సాయంత్రం రండి. వచ్చేముందు ఫోన్ చెయ్యండి.”

ఇరవై మూడేళ్ళ కాపురంలో నేను తనకి చేయగల మేలు ఇదొక్కటే మిగిలింది, ఇంట్లో లేకపోవడం.

ఆ ఆదివారం ఇడ్లీలు తిని తొమ్మిదింటికి బయటపడ్డాను. వెళ్ళడానికి ఎక్కడా చోటు తోచలేదు. చర్లపల్లి స్టేషన్లో బెంచీమీద సాయంత్రం దాకా కూర్చున్నాను. అయిదింటికి ఫోన్ చేశాను. “రండి,” అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే. ఆ ఎనిమిది గంటలూ తను రాస్తోందో, ఊరికే పడుకుంటోందో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.